పులి దారీ, కూలి బతుకూ

2024 నవంబరు 29న కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేనుకు పోయిన కూలి ఆడబిడ్డ పులి దాడిలో చనిపోయింది. అదే ఏడు జనవరిలో ఆ అడవుల్లోనే రెండు పులులు చచ్చాయి. పశువు కళేబరానికి విషం పెట్టారని కేసయింది. ఇటు మనిషీ పోతున్నాడు, అటు పులీ పోతున్నది.

ఈ స్థితిలో 2025 మే 30న రాష్ట్ర ప్రభుత్వం 49వ నంబరు జీవో తెచ్చింది. మహారాష్ట్రలోని తాడోబా నుంచి కవ్వాల్‌కు పులులు వచ్చిపోయే దారి కోసం ఆసిఫాబాద్ జిల్లాలో సుమారు 1.49 లక్షల హెక్టార్ల అడవిని కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. గూడేలు కదిలాయి, బందులు జరిగాయి. జులై 21న ప్రభుత్వం జీవోను నిలిపివేసింది. అయితే అది నిలుపుదలే గాని రద్దు కాదు.

నిజం చెప్పుకోవాలి. కన్జర్వేషన్ రిజర్వు అంటే అభయారణ్యం కాదు. చట్టం అందులో ఊళ్లు లేపమని చెప్పలేదు, తునికాకు కోయొద్దనీ చెప్పలేదు. మరి జనానికి భయమెందుకు? కవ్వాల్ లోపలి మైసంపేట, రాంపూర్ గూడేలను 2024లో బయటికి తరలించడం కళ్లారా చూశారు గనుక. పైగా, స్థానిక ప్రజలను సంప్రదించాకే ప్రకటించాలని వన్యప్రాణి చట్టం 36ఎ సెక్షనే చెబుతున్నది. గూడెం జనంతో కూర్చొని మాట్లాడి ఉంటే ఇంత గొడవ ఎందుకయ్యేది? రిజర్వు కమిటీలో పంచాయతీల ప్రతినిధులకు చోటుంది గాని, ఆ కమిటీ సలహా ఇవ్వడానికే. అధికారమంతా పైవాళ్లదే.

మేం పులికి శత్రువులం కాము. అడవి ఉంటేనే పులి, అడవి ఉంటేనే తునికాకు, వెదురు, ఇప్పపువ్వు. ఎండాకాలంలో పొలం పని లేనప్పుడు కూలోళ్ల పొయ్యి వెలిగించేది ఆ ఆకే. ఇక పులి జాడ తీసేదెవరు? అడవికి నిప్పంటుకుంటే ఆర్పేదెవరు? దినకూలీ మీద పనిచేసే ఈ గూడేల పిల్లలే. పులి పేరున వచ్చే నిధుల్లో వాళ్లకు ఖాయమైన ఉద్యోగం ఎందుకుండదు?

కాబట్టి మేం అడిగేవి నాలుగే. ఒకటి, 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాలు, సామూహిక హక్కులు ముందు తేల్చాలి. రెండు, 1996 పెసా చట్టం ప్రకారం ఏజెన్సీలో గ్రామసభ మాట చెల్లాలి. మూడు, పశువు పోతే వారాల్లోనే పరిహారం చేతికందాలి. అది అందినచోట విషం పెట్టే అవసరముండదు. నాలుగు, పత్తి ఏరే కాలంలో పులి తిరిగే చేలకు ముందే కబురందాలి, కూలి పోయిన రోజులకు డబ్బు కట్టివ్వాలి.

అడవి మీద హక్కు కోసమే కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. ఆయన పేరు పెట్టుకున్న జీవో ఆయన జనాన్ని అడగకుండా రావడం సిగ్గుచేటు. జీవో మళ్లీ తేవాలనుకుంటే ముందు గ్రామసభ గడప తొక్కండి. ఈలోగా ప్రతి గూడెంలో సభ పెట్టి, తీర్మానం రాసి, వేలిముద్రలతో సహా దాచుకుందాం. రేపు మనకు అండగా నిలిచేది ఆ కాగితమే.