ముట్టుకోవద్దనే గేర్‌బాక్స్

ఆటోమేటిక్ కారులో గేర్‌బాక్స్ ఆయిల్ బండి ఉన్నంతకాలం వస్తుందనీ, దానిని కదిలించకపోతేనే మేలనీ ఒక నమ్మకం షోరూముల నుంచి రహదారి పక్క షెడ్ల దాకా పాతుకుపోయింది. విశాఖపట్నానికీ తునికీ మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న నక్కపల్లి వంటి చోట, అటు సముద్రపు ఉక్కనూ ఇటు కొండదారులనూ చవిచూసే కార్లకు ఈ నమ్మకం చేసే నష్టం చిన్నది కాదు; వేలల్లో తేలిపోయే పని లక్షల్లోకి వెళుతుంది.

ఈ ఆయిల్‌ను ఇంజిన్ ఆయిల్‌తో పోల్చడంలోనే పొరపాటు మొదలవుతుంది. ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ద్రవం, అంటే వాడుకలో ఏటీఎఫ్, కేవలం కందెన కాదు. ఇంజినుకూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టర్ అనే మూసిన పాత్రలో ఒకవైపు రెక్కలు ఈ ద్రవాన్ని విసురుతుంటే ఆ తోపుకే ఎదుటి రెక్కలు తిరుగుతాయి. గేరు మారినప్పుడల్లా ఇదే ద్రవం పీడనంతో క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టుకుంటుంది. ఆ ప్లేట్ల మధ్య ఒరిపిడి ఎంత ఉండాలో నిర్ణయించే రసాయనాలు కూడా ఇందులోనే కలిసి ఉంటాయి. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ గేర్‌బాక్స్‌ను ప్రవేశపెట్టి, 1949లో టైప్-ఏ ద్రవాన్ని నిర్దేశించిన తరువాత చాలా ఏళ్లు ఆ ఒరిపిడిని అదుపు చేయడానికి స్పెర్మ్ తిమింగలం నూనె వాడేవారు. 1970ల ఆరంభంలో అమెరికా దానిని నిషేధించడంతో రసాయన పరిశ్రమ ప్రత్యామ్నాయాలు వెతుక్కోవలసి వచ్చింది. ఒక్క దినుసు మీద ఇంత ఆధారపడిన ద్రవం ఏళ్ల తరబడి మారకుండా ఉంటుందని నమ్మడానికి ఆధారమేమిటి?

సాధారణంగా 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేసే ఈ ద్రవం వేడికి ఆక్సిజన్‌తో కలిసి చెడుతుంది. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు ఆ వేగం సుమారు రెట్టింపవుతుందన్నది కందెనల శాస్త్రంలో స్థూలంగా వాడే లెక్క. మే నెల ఎండలో నిండా మనుషులతో, సామానుతో నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాట్ ఎక్కే కారుకు ఈ లెక్క ఎంత ప్రతికూలమో చెప్పనక్కరలేదు. కారుతో ఇచ్చే పుస్తకాన్ని చివరిదాకా చదివితే, సాధారణ వాడకపు పట్టికలో మార్చనక్కరలేదన్న ఆయిల్‌కే ఎండ, దుమ్ము, కొండదారి, ఆగి కదిలే ట్రాఫిక్ వంటి కఠిన వాడకపు పట్టికలో కిలోమీటర్ల గడువు కనిపించడం అరుదు కాదు. అనేక కార్ల కంపెనీలకు గేర్‌బాక్స్‌లు తయారుచేసి ఇచ్చే జర్మనీ సంస్థ జడ్‌ఎఫ్ తన గేర్‌బాక్స్‌లకు వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లలోగా ఆయిల్ మార్చమని చెబుతుంది. తయారుచేసినవారి మాట అది. జీవితకాలమన్నది అమ్మేవారి మాట.

ఫిల్టరు సంగతి ఇంకా నిర్లక్ష్యానికి గురైంది. గేర్‌బాక్స్ అడుగున ఉండే పళ్లెం వంటి పాన్‌ను దించితే లోపల అయస్కాంతాలకు బూడిదరంగు ముద్ద పట్టి ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే కాటుకలా మెత్తగా ఉండే ఆ ముద్ద మామూలు అరుగుదలే, గరుకుగా పొలుసులు తగిలితే మాత్రం లోపలి భాగం ఏదో విరుగుతున్నట్టే. అయస్కాంతానికి అంటని క్లచ్ పొడి ఫిల్టరులో చేరుతుంది, అది మూసుకుపోతే పంపుకు ఆయిల్ అందదు, పీడనం పడిపోయి ప్లేట్లు జారి కాలడం మొదలవుతుంది. కొన్ని గేర్‌బాక్స్‌లలో ఫిల్టరు పాన్‌తో కలిసే వస్తుంది, మరికొన్నింటిలో పెట్టె పూర్తిగా విప్పితే తప్ప అందదు. ఆ రెండో రకంలో ఆయిల్ మార్పిడే మిగిలిన ఏకైక రక్షణ.

లక్ష కిలోమీటర్లు దాటాక ఆయిల్ మార్చితే బండి ఆగిపోతుందన్న మెకానిక్‌ల హెచ్చరిక వెనుక నిజమైన అనుభవమే ఉంది, కానీ దాని నుంచి తీసిన నిర్ణయం తప్పు. అప్పటికే గేరు జారుతూ, ఆయిల్ నల్లబడి మాడువాసన వేస్తున్న బండినే సాధారణంగా ఈ పనికి తెస్తారు. కాలిపోయిన ప్లేట్లను ఏ ఆయిలూ బాగుచేయలేదు. ఇక మిగిలిన ప్రమాదాలు పని చేసే తీరులోనివి. కంపెనీ చెప్పిన ద్రవానికి బదులు షెడ్డులో ఉన్నది పోయడం ఒకటైతే, పాత మడ్డి కదిలేలా యంత్రంతో ఒత్తిడి పెట్టి కడగడం మరొకటి. అడుగు బోల్టు విప్పితే టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్ అలాగే ఉండిపోయి సగమో అంతకన్నా తక్కువో మాత్రమే దిగుతుంది కనుక, పాత బండికి కొంత కొంతగా రెండు మూడు విడతల్లో మార్చడమే క్షేమం. విడివిడి గేర్లు లేని సీవీటీ రకానికి దాని ప్రత్యేక ద్రవమే వాడాలి. ఏఎంటీ మాత్రం మామూలు గేర్‌బాక్స్‌కు యంత్రపు చేయి తగిలించినది కనుక దాని లెక్క వేరు.

నేటి గేర్‌బాక్స్‌లలో చాలావాటికి ఆయిల్ కొలిచే పుల్ల ఉండదు. బండిని సమతలం మీద ఉంచి, ఇంజిన్ నడుస్తుండగా ద్రవం పుస్తకంలో చెప్పిన ఉష్ణోగ్రతకు చేరాక మట్టం చూసే బోల్టు విప్పి, అదనపు ఆయిల్ సన్నని ధారగా జారి ఆగేదాకా చూడాలి. ఆ ఉష్ణోగ్రత చూడకుండా అంచనాతో పోసిన ఆయిల్ ఎక్కువైతే నురగ కడుతుంది, తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. వారం తిరగకుండా బండి మొరాయిస్తే నింద పడేది మాత్రం కొత్త ఆయిల్ మీదే.