రాయని గాయానికి సాక్ష్యం ఏది?

1969లో ఎంతమంది నేలకొరిగారు? ఉద్యమం 369 మంది అంటుంది. గన్‌పార్కు స్థూపం ముందు తల వంచిన ప్రతిసారీ ఆ అంకె చెప్పుకుంటాం. పేరు, ఊరు, తేదీతో జాబితా చూపమంటే మాత్రం తడబడతాం. మలిదశలోనూ అదే జరిగింది. 2014లో రాష్ట్రం వచ్చాక అమరుల లెక్క మనది ఒకటైతే, సర్కారుది మరొకటైంది. కొడుకును పోగొట్టుకున్న తల్లే కాగితాలు పట్టుకుని రుజువు చూపాల్సి వచ్చింది. గాయమైన గంటలో రాయని నిజాన్ని తర్వాత ఎన్ని కమిటీలు వేసినా తవ్వి తీయలేం.

అందుకే ఈ వారం 108 అంబులెన్సులో నింపే కాగితం గురించి రాస్తున్నాం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సర్వీసు పేదల ప్రాణాలకు ఆసరా అయింది. బండిలో ఉండే ఈఎంటీ రోగి రికార్డు రాస్తాడు. దవాఖాన డాక్టరుకు మొదట అందే సమాచారం అదే. ఏ టైముకు చేరారు, నాడి ఎంత, బీపీ ఎంత, స్పృహ ఎంత, ఏ మందు ఎంత మోతాదులో ఎన్ని గంటలకు ఇచ్చారు అన్నవి అందులో ఉండాలి. ఇచ్చిన మందు రాయకపోతే దవాఖానలో మళ్లీ అదే మందు ఇచ్చే ప్రమాదం ఉంది. చూడని బీపీని చూసినట్టు రాస్తే అది అబద్ధమే కాదు, ప్రాణాంతకం.

కంటితో చూసింది వేరు, మనసులో అనుకున్నది వేరు. రోడ్డు మీద పడి ఉన్న కూలీని చూసి 'తాగి ఉన్నాడు' అని రాయడం తేలిక. తలకు దెబ్బ తగిలినా, ఒంట్లో షుగర్ పడిపోయినా మనిషి అట్లనే తూలుతాడు, మాట తడబడుతుంది. 'నోట్లో మద్యం వాసన ఉంది, షుగర్ ఇంత, తల మీద ఇక్కడ గాయం' అని రాస్తే డాక్టరు వెతుకుతాడు. 'తాగుబోతు' అని రాస్తే పక్కన పడుకోబెడతారు.

ఉస్మానియా గేట్ల దగ్గర లాఠీలు, బాష్పవాయువు చూసిన విద్యార్థులకు ఈ సంగతి విడమర్చి చెప్పాలా? లాఠీ దెబ్బ అని రోగి చెబితే ఆ మాటను అతని మాటగానే రాయాలి. 'కింద పడ్డాడు' అని మారిస్తే గాయంతోపాటు న్యాయమూ మాయమవుతుంది. చనిపోయే మనిషి తన చావుకు కారణం చెబితే, ఆ మాట కోర్టులో మరణ వాంగ్మూలం కాగలదు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన సరిచేసి, సంతకం పెట్టాలి. చెరిపేస్తే అనుమానమే మిగులుతుంది.

నేరం ఈఎంటీది మాత్రమే అంటే మేం ఒప్పుకోం. ఒక కేసు దింపకముందే మరో కేసుకు ఉరికిస్తే రాసే తీరిక ఎక్కడిది? రికార్డు రాసేందుకు టైము ఇవ్వాలి. శిక్షణ తెలుగులోనూ జరగాలి. నిజం రాసిన ఉద్యోగి మీద ఒత్తిడి తెస్తే అడ్డుకునే రక్షణ ఉండాలి. రికార్డు నకలు రోగి కుటుంబానికి అడిగిన వెంటనే అందాలి.

లెక్క లేని చావులు మనం చాలా చూశాం. మన రాష్ట్రంలోనూ పేదోడి గాయం లెక్కలోకి రాకపోతే, కొట్లాడి తెచ్చుకున్నది దేనికి?