వాడని వీధి అక్కర్లేని వీధి కాదు

అమెరికాలో సొంత ఇల్లు కొనుక్కున్న తెలుగువారికి ఏదో ఒక రోజు ఊరి క్లర్క్ ఆఫీసు నుంచి ఒక ఉత్తరం రావచ్చు. దాని మీద ‘స్ట్రీట్ వేకేషన్’ అని ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు ఇదేదో సెలవుల సంగతి అనుకుని పక్కన పడేస్తే వింతేమీ లేదు. కానీ దాని అర్థం వేరు. ఫలానా వీధి మీద ప్రజలకున్న దారి హక్కును ఊరి కౌన్సిల్ వదులుకోవాలనుకుంటోందని, అభ్యంతరాలుంటే ఫలానా తేదీన వచ్చి చెప్పవచ్చని ఆ ఉత్తరం సారాంశం.

వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కు గంట ప్రయాణం దూరంలో ఉన్న మా చిన్న ఊళ్లో ఇప్పుడు ఇదే చర్చ నడుస్తోంది. మా ఇంటి పక్కన మ్యాపులో ఒక వీధి ఉంది. నేల మీద మాత్రం గడ్డి, నాలుగు చెట్లు, మధ్యలో ఒక కాలిబాట తప్ప మరేమీ లేదు. అక్కడ ఎన్నడూ తారు పడలేదు, కారు నడవలేదు. వెడల్పు 60 అడుగులు, పొడవు 300 అడుగులు. మన లెక్కలో 2,000 గజాలు. ఇటు నాలుగు ఇళ్లు, అటు నాలుగు ఇళ్లు. కౌన్సిల్ ఒప్పుకుంటే ఒక్కో ఇంటికి 250 గజాల చొప్పున కలుస్తుంది. అందులో మా ఇల్లూ ఒకటి. ఈ వ్యవహారంలో నాకూ లాభం ఉందని పాఠకులకు ముందే చెప్పాలి.

సంతకాల కాగితం పట్టుకొచ్చింది పక్కింటి తెలుగు కుటుంబమే. “అన్నా, స్థలం ఊరికే వస్తుంటే వద్దంటావేంటి? నువ్వు పెట్టకపోయినా మిగతావాళ్లు పెడతారు” అన్నాడు ఆ ఇంటాయన. అతని మాటలో తప్పు లేదు, చట్టం ఇచ్చిన హక్కునే అతను వాడుకుంటున్నాడు. అయినా నేను సంతకం పెట్టలేదు. ఎందుకో ఇక్కడ చెప్పదలచుకున్నాను. ఇది మా ఒక్క వీధి గొడవ కాదు. మనవాళ్లు ఇళ్లు కొంటున్న చాలా చిన్న ఊళ్లలో ఇలాంటి వీధులున్నాయి.

మ్యాపులోనే మిగిలిన వీధులు

వీటిని ఇక్కడ ‘పేపర్ స్ట్రీట్స్’ అంటారు. 19వ శతాబ్దం చివర్లో రైలు వస్తుందన్న ఆశతో భూముల వ్యాపారులు అడవుల మీద, కొండవాలుల మీద కూడా గళ్లు గీసినట్టు వీధులు గీసి కౌంటీ ఆఫీసులో నమోదు చేశారు. లేఅవుట్ నమోదైనప్పుడే అందులోని వీధులు ప్రజల దారిగా మారాయి. కొన్ని చోట్ల రైలు రాలేదు, జనమూ రాలేదు. వీధులు మాత్రం కాగితం మీద ఉండిపోయాయి.

మా రాష్ట్రంలోనే ఉన్న పోర్ట్ టౌన్సెండ్ దీనికి మంచి ఉదాహరణ. రైలు వస్తే మహానగరం అవుతామని 1880ల చివర్లో ఆ రేవు పట్టణం కలలు కన్నది. రైలు పథకం కూలిపోయింది, ఊరు చతికిలబడింది. ఇప్పటికీ అక్కడి జనాభా సుమారు 10,000. కానీ నాడు గీసి తెరవని వీధుల్లో చాలావాటిని ఆ ఊరు పారేసుకోలేదు. ఇవాళ వాటిలో చాలా చోట్ల నడక దారులున్నాయి. చెట్ల మధ్య నుంచి ఒక పేట నుంచి మరో పేటకు కాలినడకన వెళ్లొచ్చు. నూరేళ్ల క్రితం ‘పనికిరానివి’ అనుకున్న వీధులే ఇవి.

దీనికి వ్యతిరేకంగా నడిచిన కథ కూడా ఉంది. ఊళ్ల పరిధి బయట నమోదైన వీధి ఐదేళ్లపాటు తెరవకుండా ఉంటే దానంతటదే రద్దవుతుందని 1890 నాటి వాషింగ్టన్ చట్టం చెప్పింది. లేఅవుట్లలోని వీధులకు ఆ నియమం వర్తించకుండా 1909లో సవరించారు. కానీ 1904కు ముందు నమోదై, ఐదేళ్లు తెరుచుకోని వీధులు చాలా అప్పటికే పోయాయి. ఏ కౌన్సిల్ ఓటూ లేకుండా, ఎవరికీ తెలియకుండానే పోయాయి. మా వీధి ఆ తర్వాతి లేఅవుట్‌లోనిది. అందుకే దాని గురించి ఇప్పుడు నిర్ణయం తీసుకునే అవకాశం ఉంది.

చట్టం ఏమంటుంది?

వాషింగ్టన్ చట్టం ప్రకారం వీధిని ఆనుకున్న ఆస్తిలో మూడింట రెండు వంతులకు మించిన భాగం యజమానులు సంతకం చేస్తే పిటిషన్ వేయవచ్చు. మా ఎనిమిది ఇళ్లలో ఆరు చాలు. కౌన్సిల్ తీర్మానం చేసిన 20 నుంచి 60 రోజుల్లోపు బహిరంగ విచారణ జరపాలి. ఊళ్లో మూడు ప్రముఖ స్థలాల్లోనూ, ఆ వీధిలోనూ నోటీసు అంటించాలి. విచారణ తర్వాత కౌన్సిల్ ఆర్డినెన్స్ చేస్తే వీధి రద్దయి, చెరి సగం చొప్పున ఇరువైపుల ఇళ్లలో కలుస్తుంది.

ఇందులో ‘ఊరికే’ అన్న మాట చట్టంలో ఎక్కడా లేదు. కౌన్సిల్ తలచుకుంటే స్థలం అంచనా విలువలో సగం వరకు వసూలు చేయవచ్చు. ఆ వీధి 25 ఏళ్లు, అంతకు మించి ప్రజల దారిగా ఉన్నదైతే పూర్తి విలువ వరకు అడగవచ్చు. అలా వచ్చిన డబ్బులో సగం ప్రజల ఖాళీ స్థలాలకో, రవాణా పనులకో ఖర్చు పెట్టాలి. నీటి పైపులు, కరెంటు తీగల కోసం ఈజ్‌మెంట్ హక్కును ఊరు తన దగ్గరే ఉంచుకోవచ్చు. నది, సరస్సు, సముద్రం ఒడ్డున ఆగే వీధులను మామూలుగా ఇలా వదులుకోవడానికి వీల్లేదు. పార్కు, పడవల రేవు వంటి ప్రజా అవసరాలకైతేనే చట్టం ఒప్పుకుంటుంది. ఒడ్డుకు చేరే దారి ఒకసారి పోతే తిరిగి రాదని చట్టం చేసినవారికి తెలుసు.

నిజానికి ఏ వీధి అయినా అంతే. ఇవాళ కౌన్సిల్ ఒక్క ఓటుతో వదిలేసిన నేల రేపు కావాలంటే, ఊరు ఒక్కో ఇంటి యజమాని దగ్గర మార్కెట్ ధరకు కొనుక్కోవాలి. ఈలోపు అక్కడ గ్యారేజీలు, ఈత కొలనులు వెలుస్తాయి. చిన్న ఊరి బడ్జెట్‌కు అది తలకు మించిన పని.

ఎవరు వాడటం లేదు?

పిటిషన్‌లో మొదటి వాక్యం ‘ఈ వీధి వాడుకలో లేదు’ అని. కార్లను లెక్కపెడితే అది నిజమే. కానీ గడ్డి మధ్య ఆ కాలిబాట ఎలా పడింది? ఎవరో నడిస్తేనే కదా!

పొద్దున పిల్లలు స్కూలు బస్సు ఆగే చోటుకు అటే వెళ్తారు. కారు లేని ఇద్దరు ముగ్గురు బజారుకు అదే దారి పడతారు. అందరికంటే ఎక్కువగా నడిచేది మన అమ్మానాన్నలు. ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చి, కారు నడపడం రాక, పగలంతా కొడుకు, కోడలు ఆఫీసుకు పోతే నాలుగ్గోడల మధ్య ఉండే పెద్దవాళ్లు. మా అమ్మ వచ్చిన ప్రతిసారీ సాయంత్రం నాలుగింటికి ఆ బాట వెంటే పార్కుకు వెళ్తుంది. అక్కడ మరో ముగ్గురు తెలుగు అమ్మలు కలుస్తారు. ఈ దేశంలో ఎవరి సాయం లేకుండా ఆమె వెళ్లగలిగే చోటు అదొక్కటే. ఆ దారి మూస్తే మెయిన్ రోడ్డు మీదుగా చుట్టి రావాలి. ఆ రోడ్డుకు ఫుట్‌పాత్ లేదు. అంటే ఆవిడ ఇంట్లోనే ఉండిపోతుంది.

పిటిషన్ వేసిన పక్కింట్లో కూడా అలాంటి పెద్దావిడ ఉన్నారు. ఆవిడను ఎవరూ అడగలేదు. ఆవిడ ఇంటి యజమాని కాదు, ఓటరు కాదు, ఈ దేశ పౌరురాలు కాదు. దారిన పోయే దానయ్యకు సంతకం అడిగే కాగితంలో గడి ఉండదు. కానీ దారి ఉన్నదే దారిన పోయేవాళ్ల కోసం.

మూసే నిర్ణయం ఒకరి చేతిలో, నష్టం మరొకరి నెత్తిన ఉండటం ఈ దేశంలో కొత్త కాదు. మెంఫిస్‌లో హైన్ పార్క్ అనే శ్వేతజాతీయుల పేట కొసన వెస్ట్ డ్రైవ్ అనే వీధిని మూయాలని ఆ నగర కౌన్సిల్ నిర్ణయించింది. ట్రాఫిక్ తగ్గించాలన్నది కారణం. ఆ దారిన వచ్చి పోయేవారిలో అధికులు ఉత్తరం వైపు పేటలోని నల్లజాతీయులు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1981లో 6-3 మెజారిటీతో మూసివేత చెల్లుతుందని తీర్పు వచ్చింది. జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ తీవ్రంగా విభేదించారు. మా ఊరి వీధిలో జాతి గొడవ లేదు. అయినా ఆ కేసు నేర్పే జాగ్రత్త ఒకటుంది. మూయమని అడిగేవారి కారణం ఎంత మంచిదైనా, ఆ దారిన నడిచేది ఎవరని కూడా అడగాలి.

మనకు తెలిసిన కథే

ఈ కథ తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. గోదావరి జిల్లాల్లో పుంత అన్నా, కృష్ణా గుంటూరుల్లో డొంక అన్నా, తెలంగాణలో బండ్ల బాట అన్నా అది ఊరందరి దారి. ఏటా ఇటు రైతు ఒక చాలు, అటు రైతు ఒక చాలు కలుపుకుంటూ పోతే కొన్నేళ్లకు ఎడ్ల బండి పట్టిన దారి సైకిల్ పట్టనంత అయిపోతుంది. కోతల కాలంలో లోపలి పొలానికి ట్రాక్టర్ వెళ్లాలంటే పక్క రైతు కాళ్లు పట్టుకోవాలి. అక్కడ నాగలి చాలుతో పోయేది ఇక్కడ ఓటుతో, పద్ధతి ప్రకారం పోతుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ పోకముందే మనల్ని అడుగుతారు.

మూయమనేవారి వాదనను తీసిపారేయడం న్యాయం కాదు. తెరవని వీధిలో చెత్త పడేస్తారు, ఎండిన చెట్టు కూలితే బాధ్యత ఎవరిదన్న తగాదా వస్తుంది, గడ్డి ఎవరు కోయాలో తేలదు. ఇళ్లలో కలిస్తే ఎవరి స్థలం వాళ్లు బాగు చేసుకుంటారు, పన్ను లెక్కలోకీ వస్తుంది. కొన్ని వీధులు నిజంగానే ఎటూ వెళ్లవు. నిటారు లోయ అంచున ఆగిపోయే వీధిని ఎన్నేళ్లు దాచుకున్నా ప్రయోజనం లేదు. అలాంటివాటిని వదిలేయడమే మంచిది. ఏ వీధినీ మూయకూడదని ఎవరూ అనడం లేదు.

ఓటు వేసే ముందు కౌన్సిల్ కొన్ని పనులు చేసి తీరాలి. ఒక వారం పాటు ఎవరినైనా నిలబెట్టి అక్కడ నడిచేవారిని లెక్కించాలి. రేపు అటువైపు కొత్త ఇళ్లు వస్తే ఫైరింజన్‌కు, మురుగు పైపుకు మరో దారి ఉందో లేదో ఇంజినీరు చెప్పాలి. ఎంత వెడల్పు అవసరమో తేల్చాలి. 60 అడుగులూ ఉంచనక్కర్లేదు, మధ్యలో 12 అడుగుల నడక దారి ప్రజల పేరున ఉంచి మిగతాది వదిలినా చాలు. వదిలిన దానికి పూర్తి ధర తీసుకుని, ఆ డబ్బుతో మెయిన్ రోడ్డుకు ఫుట్‌పాత్ మొదలుపెట్టాలి. ఇవన్నీ చట్టం ఇప్పటికే అనుమతిస్తున్న పనులే.

మనం చేయాల్సింది కూడా ఉంది. గుడి కట్టాలంటే, ఉగాది జరపాలంటే వందల మంది కదులుతాం. కౌన్సిల్ విచారణకు మాత్రం ‘మనకెందుకులే’ అంటాం. హెచ్1బీ మీద ఉన్నాం, ఓటు లేదు కదా అని చాలామంది సంకోచిస్తారు. ఓటు లేకపోయినా విచారణలో మాట్లాడవచ్చు. మామూలుగా పేరు, ఊరు చెబితే చాలు, పౌరసత్వం ఎవరూ అడగరు. చాలా చోట్ల మూడు నిమిషాలు ఇస్తారు. నలుగురిలో మాట్లాడటం బెరుకైతే క్లర్క్‌కు ఈమెయిల్ పంపినా రికార్డులో చేరుతుంది. చిన్న ఊళ్లో విచారణకు పది మంది వస్తే ఎక్కువ. అందులో ముగ్గురు మనవాళ్లైతే ఆ మాట గట్టిగానే వినిపిస్తుంది.

మా ఊరి విచారణ వచ్చే నెలలో ఉంది. నడక దారి ఉంచమని, మిగతాదానికి ధర కట్టమని నేను అడగబోతున్నాను. అలా నిర్ణయమైతే నా వంతు స్థలానికి నేనూ డబ్బు కడతాను. పక్కింటి తమ్ముడు కూడా వస్తానన్నాడు, తన వాదన తను వినిపిస్తాడట. రమ్మన్నాను. వచ్చేటప్పుడు వాళ్ల అమ్మగారిని కూడా తీసుకురమ్మన్నాను.