వేలితో నొక్కితే బంధం కుదరదు, గడప తొక్కాలి!



డిగ్రీలు చదివిన మన వాడల పిల్లలకు ఇప్పుడు కొత్త నీతి ఒకటి బోధిస్తున్నారు. "ఇంకా కులమెక్కడుంది? చేతిలో ఫోనుంది. లింక్డ్‌ఇన్‌లో పేరు పెట్టుకో, వెయ్యి మందిని కలుపుకో, ఉద్యోగమే నిన్ను వెతుక్కుంటూ వస్తుంది" అంటున్నారు. కాలేజీల్లో ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు ఇదే అంటున్నారు, ఫోన్లో కోర్సులమ్ముకునే వాళ్లూ ఇదే అంటున్నారు. ఈ మాట నమ్మి మన పిల్లలు అర్ధరాత్రి దాకా ఫోను ముందు కూచుంటున్నారు. మేమడిగేది ఒక్కటే: ఈ నీతి చెప్పేవాళ్ల సొంత కొడుకులకు ఉద్యోగాలు ఎట్లా వచ్చాయి?

బావమరిది మాట చెప్పాడు. మేనమామ దగ్గరుండి తీసుకుపోయాడు. నాన్నతో కలిసి చదువుకున్నాయన కంపెనీ పెట్టాడు. పెళ్లిపందిట్లో పక్కన కూచున్నాయన "అబ్బాయిని సోమవారం పంపించండి" అన్నాడు. వాళ్ల పెళ్లిళ్లలో తాళి ఒక్కటే కట్టరు, కొలువులూ వ్యాపారాలూ ముడిపడతాయి. ఫోన్లో వాళ్లు పెట్టేది ఫోటో. పని జరిగేది ముఖపరిచయంతో.

ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. హైదరాబాదులో 1918లోనే రెడ్డి హాస్టల్ పెట్టుకున్నారు. ఊళ్ల నుంచి చదువుకి వచ్చిన పిల్లలకు అక్కడ కూడూ నీడా దొరికాయి, అంతకంటే ముఖ్యంగా ఒకరికొకరు దొరికారు. ఒకే బంతిలో తిన్నవాళ్లు రేపు ఒకరికొకరు అక్కరకొస్తారు. హాస్టల్ కట్టుకోవడం తప్పని మేమనం. తరతరాలుగా కూడబెట్టుకున్న ఆ పరిచయాల మీద కూచుని "ఇదంతా మా మెరిట్" అంటే మాత్రం ఒప్పుకోం.

సాఫ్ట్‌వేర్ కంపెనీల సంగతి చూడండి. చాలా కంపెనీల్లో ఖాళీ వస్తే లోపలున్న ఉద్యోగుల్ని అడుగుతారు, మీకు తెలిసినవాళ్లుంటే చెప్పండని. మనిషిని తెచ్చినందుకు డబ్బు కూడా ఇస్తారు. దీన్ని రిఫరల్ అంటారు. పైకి చూస్తే ఇందులో కులం ఊసే లేదు. కానీ "తెలిసినవాళ్లు" అంటే ఎవరు? లోపలున్నవాడు తనవాణ్ణి తెస్తాడు, వచ్చినవాడు ఇంకో తనవాణ్ణి తెస్తాడు. ఊరి బావి కాడ కర్ర పట్టుకుని నిలబడ్డ కాపలా మనకు కనపడేది. ఈ కాపలా కనపడదు. ప్రభుత్వ కొలువులో రిజర్వేషనన్నా ఉంది. ప్రైవేటు కంపెనీకి అదీ లేదు.

"ఫోన్లో అందరూ సమానమేగా" అనేవాళ్లకు రెండు లెక్కలు చెప్తాం. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ అనే పరిశోధకులు పేపర్లో ప్రకటనలిచ్చిన ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపి చూశారు. చదువు ఒకటే, అనుభవం ఒకటే, పేర్లే వేరు. 2007లో అచ్చైన ఆ లెక్క ప్రకారం అగ్రకులం పేరుతో పోల్చితే దళిత పేరుకు పిలుపొచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే. మనిషిని చూడలేదు, మాట వినలేదు, పేరు చూసి పక్కన పెట్టారు. 2012లో ఇంకో లెక్క అచ్చయింది. దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్లలో అగ్రకులాల వాళ్లు నూటికి 93 మంది దాకా ఉంటే, ఎస్సీ ఎస్టీలు కలిపి మూడున్నర శాతం. రేపు ఫోన్లో మన పిల్లోడి దరఖాస్తు చేరేది ఈ బల్లల మీదికే. అక్కడ కూడా వాడికంటే ముందు పోయేది వాడి పేరే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఫోను నీకు చూపించేది ఎక్కువగా నీకు తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లనే. గూడెం పిల్లోడికి గూడెం పిల్లలే కనపడతారు. వాళ్లూ పని కోసం తిరిగేవాళ్లే. పది ఖాళీ కుండలు ఒకచోట చేర్చితే నీళ్లు పుడతాయా?

అసలు కిటుకు ఇక్కడుంది. ఒక మనిషిని పనికి చెప్పడమంటే ఆ మనిషికి జామీను ఉండటమే. రేపు పని చెడితే చెప్పినవాడి పరువు పోతుంది. ముఖం చూడని మనిషికి ఎవరు జామీనుంటారు? చెయ్యి కలపాలి, పని చూడాలి, కలిసి టీ తాగాలి, నాలుగుసార్లు మాట నిలబెట్టుకోవాలి. నమ్మకం అట్లా పుడుతుంది. లైకు కొడితే పుట్టదు.

ఫోను మనకు శత్రువని మేమనడం లేదు. 2016 జులైలో గుజరాత్ ఉనాలో మనవాళ్లను కట్టేసి కొట్టిన దృశ్యం ఫోన్ల మీదే దేశమంతా పాకింది. కానీ ఆ తర్వాత ఏం జరిగింది? మనవాళ్లు చచ్చిన గొడ్లను తెచ్చి కలెక్టరాఫీసు ముందు పడేశారు. ఆగస్టులో అహ్మదాబాద్ నుంచి ఉనా దాకా కాళ్లతో నడిచారు. కబురు ఫోను మోసింది, ఉద్యమాన్ని మోసింది కాళ్లు. ఉద్యోగం సంగతీ అంతే. ఖాళీ ఉందన్న కబురు ఫోను తెస్తుంది. తలుపు తీసేది మనిషే.

మన పెద్దలకు ఇది తెలుసు. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలు చెప్పించి జనాన్ని ఒకచోట కూచోబెట్టాడు. కాన్షీరాం 1978లో బామ్‌సెఫ్ నిలబెట్టింది ఉద్యోగుల్ని ఒక్కొక్కరినీ కలిసి. 1983లో సైకిలెక్కి ఊళ్లు తిరిగాడు. వాళ్ల చేతిలో అధికారం లేదు, డబ్బూ లేదు. మనిషిని మనిషి కలవడమొక్కటే వాళ్ల పెట్టుబడి.

ఇక మన ఉద్యోగులకు ఒక మాట. ఏప్రిల్ 14న నీలికండువాతో ఫోటో పెట్టి, మిగతా 364 రోజులు వాడ వైపు చూడని అన్నలున్నారు. కులం తెలిస్తే అద్దె ఇల్లు దొరకదని, ఆఫీసులో చూపు మారుతుందని వాళ్ల భయం. ఆ భయం ఉత్తది కాదని మాకు తెలుసు. కానీ ఒక్కడివే దాక్కుంటే భయం తగ్గదు. పక్కన పదిమంది ఉంటే తగ్గుతుంది. ఆ పదిమందిని తేగలిగింది నువ్వే.

మనకు కులం సత్రాలు లేవు. సాంఘిక సంక్షేమ హాస్టళ్లున్నాయి. నీళ్లచారు తిని, ఒక దుప్పట్లో ఇద్దరు పడుకుని, ఒకే పుస్తకం ముగ్గురు చదివిన బంధం మనది. అంతకంటే గట్టి పరిచయం ఏ పెళ్లిపందిట్లో దొరుకుతుంది? ఆ బంధాన్ని పరీక్షలైన రోజే వదిలేసి పోతున్నాం. ఇక వదలొద్దు.

చెయ్యాల్సింది ఇది:

నెలకో ఆదివారం పాత విద్యార్థులు తమ హాస్టల్‌కి గానీ, దగ్గర్లోని అంబేద్కర్ భవనానికి గానీ రావాలి. పగటిపూటే పెట్టాలి, ఆడపిల్లలు వచ్చి ముందు వరసలో కూచోవాలి.

ఒక నోటుపుస్తకం పెట్టాలి. ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారు, ఎవరికి ఏ పని వచ్చు, ఎవరికి పని కావాలి అన్నీ రాయాలి. సాఫ్ట్‌వేరోళ్లే కాదు, నర్సులు, కరెంటు పనోళ్లు, వకీళ్లు, తాపీమేస్త్రీలు, బ్యాంకు ఉద్యోగులు అందరూ అందులో ఉండాలి.

జీతమున్న ప్రతి ఒక్కరూ ఏడాదికి ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని పట్నం తీసుకుపోవాలి. ఆఫీసు చూపించాలి, ఇంటర్వ్యూలో ఏమడుగుతారో ఎదురుగా కూచోబెట్టి చెప్పాలి. బస్సు ఛార్జీ జీతమున్నవాళ్లే పెట్టుకోవాలి. ఛార్జీల్లేక ఆగిపోయిన ఇంటర్వ్యూలు మన వాడల్లో తక్కువేం కాదు.

మాలా, మాదిగా, రెల్లీ అని అడగొద్దు. అడిగితే వాళ్లకూ మనకూ తేడా ఏముంది? దండలొద్దు, వేదికలొద్దు. అందరూ చాప మీదే కూచోవాలి.

వాళ్ల పరిచయాలు తలుపులు మూయడానికి. మన పరిచయాలు తలుపులు తీయడానికి. ఫోను జేబులో పెట్టండి, గడప దాటండి. వచ్చే ఆదివారమే మొదలుపెట్టండి!

జై భీమ్!