చీనాదేశపు బడిలో మన పంతులమ్మ



పెన్నానదీతీరమునందలి మా సంగమువంటి చిన్నయూళ్లనుండియు నేఁడు బాలికలు దేశాంతరములకుఁ బోవుచున్నారు. చదువుకొనఁబోవువారి సంగతి పలుమాఱు వినుచున్నదే. చదువు చెప్పఁబోవుదుమనువారు నిపుడు బయలుదేఱిరి. “చీనాలో నింగ్లీషు చెప్పు కొలువున్నదఁట, అమ్మాయిని బంపవచ్చునా?” యని యడుగు తల్లులకు నాకుఁ దెలిసినంత వ్రాయుచున్నాను.

మొదట కాగితముల మాట. అక్కడ జీతమునకుఁ బనిచేయువారికి ‘జడ్’ తరగతి వీసా యుండవలెను. చేరిన 24 గంటలలోఁ బోలీసు ఠాణాలో బస నమోదు చేయించుకొని, 30 దినములలో నివాసపత్రమునకు దరఖాస్తు పెట్టవలయును. ఏ భాష నేర్పుదురో యా భాష మాతృభాషగాఁ గల దేశపు పౌరులును, పట్టభద్రులునై యుండవలెనని సామాన్యనియమము. కావున భారతదేశపు పాస్‌పోర్టుతో నాంగ్లోపాధ్యాయపదవి దొరకుట కష్టము. అమెరికా, బ్రిటను పౌరసత్వముగల మన తెలుఁగుబిడ్డలకుఁ ద్రోవ సుగమము.

“ముందు యాత్రికుల వీసాతోఁ బొండు, పిదప మార్చుకొందము” అను దళారిమాట వినఁదగదు. 2013 జులై 1 నుండి యమలులోనున్న చట్టముచేత ననుమతిలేక పనిచేసినవారికి 5,000 మొదలు 20,000 యువానులవఱకు జరిమానా; నేరము తీవ్రమైనచో 5 మొదలు 15 దినములవఱకు నిర్బంధముకూడ. ఆ నిర్బంధమనుభవించునది భాషరాని చోట నొంటిగానున్న పిల్ల; దళారి యిక్కడనే సుఖముగా నుండును! నగలు కుదువఁబెట్టి వాని చేతిలోఁ బోయు తల్లిదండ్రు లీయొక్క సంగతి తలపోయుదురుగాక. మఱియు 2021 జులైలో నా ప్రభుత్వము ట్యూషను వ్యాపారముపైఁ గఠినమైన కట్టుబాట్లు విధింపఁగాఁ బెక్కు సంస్థలు మూఁతపడినవి. అంతకుముందు పోయినవారి జీతముల కథలు విని యాశపడరాదు.

పత్రములు సరిగా నున్న బిడ్డ పోయెనేని, తెలుఁగుది యగుట యామెకు మేలే యని నా యభిప్రాయము. చీనామాట సాధారణముగా నచ్చుతోఁగాని, నకార ఙకారములతోఁగాని ముగియును. ఆంగ్లపదము చివర హల్లు వచ్చినపుడు పిల్లలు దానిని మ్రింగుదురు, లేదా యొక యచ్చును దగిలింతురు. బస్సు, పెన్ను అని పలుకు మనకిది వింతయా? అజంతభాషలో బుట్టినవారి కా చిక్కు చెప్పకయే తెలియును. ఆంగ్లమున నక్కకును జెల్లెలికిని నొకటే మాట యనఁగా నా పిల్లలు దెల్లబోవుదురు. వారికిని మనకువలెనే వేఱువేఱు మాటలున్నవి. అతఁడు, ఆమె, అది యను మూఁటికిని వారి నోట నొకటే ధ్వని, ‘తా’; వ్రాఁతలో మాత్రమే భేదము. కావున నాంగ్లమున స్త్రీని బురుషునిగాఁ జెప్పుచుందురు. దానికిఁ గోపింపరాదు.

పేరులలోను మన పద్ధతియే: ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. కాని యక్కడి స్త్రీ పెండ్లియైనను బుట్టినింటి పేరు విడువదు. (ఇది చదివి మనయిండ్లలోఁ దగవులు పెట్టుకొనవలదు!) ఉపాధ్యాయుని, నుపాధ్యాయినిని గూడ ‘లావ్‌షీ’ యని యింటిపేరునకుఁ జేర్చి పిలుతురు. ఎదురుపడిన పెద్దలు “అన్నము తింటివా?” యని పలుకరించుటయుఁ గలదు, మన పల్లెలలోవలెనే యది కుశలప్రశ్నము.

కష్టము స్వరమునందున్నది. ‘మా’ యను నక్షరమును నాలుగు విధములఁ బలికినఁ దల్లి, జనపనార, గుఱ్ఱము, తిట్టు అని నాలుగర్థములు. వేదమున స్వరము తప్పిన నర్థము తప్పునని మన పెద్దలన్నది వారికి నిత్యవ్యవహారము. దీనికి నాకుఁ దోఁచిన యుపాయము, తోడి యుపాధ్యాయినితో నొకగంట యాంగ్లము చెప్పి యొకగంట చీనా చెప్పించుకొనుట. ఇందు లఘుత్వము లేదు. ఏడవ శతాబ్దమున హ్యూయన్‌త్సాంగు మన ధాన్యకటకమునకు వచ్చి, కొన్నిమాసములుండి, యిద్దఱు భిక్షువులకడ మహాసాంఘికుల యభిధర్మము చదివి, వారికిఁ దాను మహాయానశాస్త్రములు చెప్పెనని యతని చరిత్రము తెలుపుచున్నది. అంతటివాఁడును దన కాలమున నట్లు చేసెను.

భోజనము సంగతి. దక్షిణమున వరియన్నము, ఉత్తరమున గోధుమవంటకములు మెండు. శాకాహారిణికి మాత్రము జాగ్రత్త యవసరము; కూరలో మాంసపురసమో పందికొవ్వో పడియుండవచ్చును. “వో చీ సూ”, అనఁగా నేను శాకాహారిని, అను మాట ముందుగా నేర్వవలెను. బౌద్ధాలయములయొద్ద శుద్ధశాకభోజనశాలలుండును, సోయాపాలను విఱిచిచేయు ‘తోఫు’ యంతటను దొరకును. ఒక చిన్న కుక్కరు, ఇంగువ, చింతపండు తీసికొనిపోఁదలఁచినచో, విమానము నెక్కుటకు ముందే యా దేశపు సుంకపు నిబంధనలు చూచుకొనవలయును.

బడులు సాధారణముగా సెప్టెంబరు 1వ తేదిని దెఱతురు. 10వ తేది వారి యుపాధ్యాయదినము. ఒక్కొక తరగతిలో నలువది యేఁబదిమంది యుందురు. ఈ పదిదినములలో వారి పేరులను స్వరము తప్పక పిలువ నేర్చిన పంతులమ్మకుఁ బాఠము సగము సాగినట్లే.