మిషనరీ కళాశాలకు మారవచ్చా?

నల్గొండ ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాలలో మొదటి సంవత్సరం పూర్తిచేసిన అమ్మాయి, హైదరాబాద్‌లో కాథలిక్ సన్యాసినులు నడిపే కళాశాలకు మారదలిస్తే తండ్రి అనుమతించవచ్చా? ఈ ప్రశ్న నల్గొండ నుంచీ, మహబూబ్‌నగర్ నుంచీ తరచుగా వస్తోంది. అడిగేవారి మనసులో సాధారణంగా ఉండేవి రెండు పేర్లు: 1959లో ఏర్పడిన బేగంపేటలోని సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల, మెహదీపట్నంలోని సెయింట్ ఆన్స్. రెండింటిలోనూ ముస్లిం అమ్మాయిలు చాలాకాలంగా చదువుతూనే ఉన్నారు.

ఈ సందేహం వెలిబుచ్చే గృహాల్లో అనేకం తమ పిల్లల్ని నాలుగేళ్ళకే ఊళ్ళోని కాన్వెంటు బడిలో చేర్చినవే. కలిమా అర్థం తెలియని వయసులో గోడమీది శిలువ అడ్డురాలేదు. ఖుర్ఆన్ పారాయణం పూర్తిచేసి, నమాజు అలవడి, మంచిచెడ్డలు ఎరిగిన పందొమ్మిదో ఏట అడ్డువచ్చింది! అదే ఇంటి అబ్బాయికి బెంగళూరు క్రైస్ట్ విశ్వవిద్యాలయంలో సీటు వస్తే మిఠాయి పంచుతారు. అదీ కాథలిక్ సంస్థే. అప్పుడు ఫత్వా అడిగేవారు కనబడరు. అమ్మాయిని ఆపడానికి వేరే కారణమేదైనా ఉంటే దానినే చెప్పాలి. ధర్మాన్ని దానికి ముసుగుగా కప్పరాదు.

బద్ర్ యుద్ధఖైదీలలో చదువు వచ్చినవారు మదీనా పిల్లలకు వ్రాత నేర్పితే, దానినే వారి విడుదల పరిహారంగా దైవప్రవక్త (స) స్వీకరించారని చరిత్రకారులు నమోదు చేశారు. ఆ గురువులు విగ్రహారాధకులు. అంతకుముందే కత్తి దూసి వచ్చినవారు. యూదుల లిపి నేర్చుకోమని హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను ఆదేశించింది కూడా ఆయనే. (ఈ సందర్భంలో చైనా పేరుతో ప్రచారంలో ఉన్న మాటను అందరూ ఉదహరిస్తారు. హదీసువేత్తల వద్ద దానికి బలం లేదు, మనకు దాని అవసరమూ లేదు.)

ఇక చట్టం సంగతి. ప్రభుత్వ గుర్తింపు పొందిన ఏ విద్యాసంస్థ అయినా విద్యార్థిని సమ్మతి లేకుండా ఆమెను మతబోధకు గానీ, ఆరాధనకు గానీ హాజరు కమ్మనడానికి వీల్లేదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. మైనరైతే సంరక్షకుని సమ్మతి కావాలి. క్రిస్మస్ వేడుకల రోజున సభలో కూర్చోవడం వేరు, ప్రార్థనలో పాల్గొనడం వేరు. ఈ తేడా అమ్మాయికి ఇంట్లోనే తెలియజెప్పాలి.

అయితే దుస్తుల విషయంలో అంత నిశ్చింత పనికిరాదు. 2018 డిసెంబరులో కేరళ హైకోర్టు ముందుకు ఇటువంటి వ్యాజ్యమే వచ్చింది. క్రైస్తవ యాజమాన్యంలోని ఒక పాఠశాలలో ముస్లిం బాలికలు తలవస్త్రం, పొడవు చేతుల చొక్కా ధరించడానికి అనుమతి కోరగా, తన నియమాలు నిర్ణయించుకొనే సంస్థ హక్కు వైపే న్యాయస్థానం మొగ్గింది. మైనారిటీలు తమ విద్యాసంస్థలను నడుపుకొనే హక్కు 30వ అధికరణం ఇచ్చినది. మన అన్వరుల్ ఉలూమ్ కళాశాలకు రక్ష అయినది కూడా అదే. మనకు కావలసినప్పుడు ఆశ్రయించి, వారు ఆశ్రయిస్తే నిందించలేము. కనుక ఏ కళాశాలలోనైనా ఫీజు కట్టకముందే హిజాబు గురించి, మధ్యాహ్నం జుహ్ర్ నమాజుకు వెసులుబాటు గురించి ప్రిన్సిపాలును స్వయంగా అడిగి తెలుసుకోవాలి.

నిజానికి షరీఅత్ దృష్టిలో ఇంతకంటె బరువైన విషయం ప్రయాణం. నల్గొండ అయినా, మహబూబ్‌నగర్ అయినా హైదరాబాదుకు దాదాపు 100 కిలోమీటర్లు. మహ్రమ్ తోడులేని స్త్రీ ప్రయాణానికి హనఫీ పండితులు మూడు దినాల దూరాన్ని హద్దుగా చెప్పారు. నేటి లెక్కలో అది సుమారు 77 కిలోమీటర్లు. మార్గం సురక్షితమైతే సడలింపు ఉందని చెప్పిన నేటి పండితులూ ఉన్నారు. నా అభిప్రాయం చెబుతాను: 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవారికి టిక్కెట్టు లేదు కదా అని రోజూ రానూపోనూ 200 కిలోమీటర్లు తిప్పడం చదువుకూ, ఆరోగ్యానికీ చేటు. మంచి హాస్టలు చూసి, తండ్రో అన్నో వెంట తీసుకెళ్ళి, సెలవులకు వెంట తీసుకురావాలి. ఇది కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి పంపినా తప్పని నియమమే. శిలువతో దీనికి సంబంధం లేదు.

చివరకు, ఉత్సాహంలో చాలామంది మరచిపోయే సంగతి. నల్గొండ కళాశాల మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం కిందిది, మహబూబ్‌నగర్‌ది పాలమూరు విశ్వవిద్యాలయం కిందిది. హైదరాబాద్‌లోని ఆ రెండూ ఉస్మానియాకు అనుబంధమైనవి. స్వయంప్రతిపత్తి గల కళాశాల తన పాఠ్యప్రణాళికను తానే నిర్ణయించుకుంటుంది. అంటే మారేది కళాశాల ఒక్కటే కాదు, విశ్వవిద్యాలయం కూడా. రెండో సంవత్సరంలో అదే గ్రూపులో ఖాళీ ఉండాలి. ఇక్కడ గడించిన క్రెడిట్లను అక్కడ అంగీకరించాలి. తేడా వచ్చిన సబ్జెక్టులు మళ్ళీ వ్రాయవలసి రావచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంటు కొనసాగుతుందో లేదో ముందే విచారించాలి. ఇన్ని చిక్కులున్నప్పుడు చాలామందికి డిగ్రీ ఇక్కడే ముగించి పీజీకి అక్కడికి వెళ్ళడమే సుఖం. లేదు, ఇప్పుడే మారతానని అమ్మాయి పట్టుదలతో ఉంటే, క్రెడిట్ల అంగీకారం కాగితం మీద చేతికి అందేవరకు పాత కళాశాల నుంచి టీసీ తీసుకోకండి. టీసీ తీసుకున్నాక అక్కడ కాదంటే ఇక్కడి సీటు కూడా పోతుంది.