పరిశోధన ఫలితం పేటకు తెలుగులో చేరాలి

పూరీ పెంటకోట నుంచి గోపాల్‌పూర్ దాకా సముద్రం మీద బతికే కుటుంబాల్లో చాలామందికి ఇంటి మాట తెలుగు. ఒడియావారు వీరిని నోలియాలంటారు. ఈ పేటల పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయులుగా మేం ఒక మాట చెప్పదలచుకున్నాం. రొయ్యల సాగు, చేపల పెంపకం, తీరం కోతలపై విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు కుదుర్చుకునే ఒప్పందాల్లో ఊరి పేరు ఉంటోంది. మేం చూసినంతలో ఊరి భాషకు మాత్రం చోటుండడం లేదు.

పరిశోధన వల్ల ఒరిగేదేమీ లేదని మేం అనం. చిలికా సరస్సే అందుకు సాక్ష్యం. మొగ పూడిపోయి, నీటిలో ఉప్పదనం తగ్గి, కలుపు అల్లుకుని సరస్సు చిక్కిపోయింది. 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాకు ఎక్కింది. పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం అధ్యయనాల ఆధారంగా 2000 సెప్టెంబరులో కొత్త మొగ తెరిచారు. అంతకుముందు ఏడాదికి సుమారు 1,700 టన్నులకు పడిపోయిన చేపలు, రొయ్యలు, పీతల రాబడి రెండేళ్లలోనే 10,000 టన్నులు దాటింది. 2002లో ఆ జాబితా నుంచి చిలికా పేరు తీసేశారు.

అదే చిలికాలో రెండో కథ కూడా ఉంది. రొయ్యకు ధర పెరగడంతో సరస్సులో వలలతో, గట్లతో ఘేరీలు కట్టారు. తరతరాలుగా వల వేసుకున్న చోట్లు మత్స్యకారులకు దూరమయ్యాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ సరస్సులకు 1,000 మీటర్ల లోపు రొయ్యల చెరువులు ఉండరాదంది. నాగపూర్‌లోని నీరి శాస్త్రవేత్తల తనిఖీ నివేదికలు ఆ కేసులో కీలకమయ్యాయి. అయినా ఘేరీల గొడవ ఆ తర్వాతా ఏళ్ల తరబడి నడిచింది. నివేదికలో ఏముందో పేట మనిషికి తెలిస్తేనే గదా నిలదీసే బలం వచ్చేది!

సాగు సంగతీ అంతే. 1990ల మధ్యలో తెల్లమచ్చల వ్యాధి తూర్పు తీరంలో చెరువులను ఖాళీ చేసింది. రొయ్య ఒక్కదాన్నే నమ్ముకోకుండా పండుగప్ప వంటివి పెంచే దారి ఉంది. చెన్నైలోని సీబా సంస్థ 1997లోనే పండుగప్ప పిల్లలను హేచరీలో పుట్టించింది. అయితే నీటిలో ఉప్పదనం ఎంత, ప్రాణవాయువు ఎంత, మురుగు నీరు ఎక్కడికి వదలాలి అన్నవి రైతుకు తన మాటల్లో తెలియాలి. లేకపోతే మేత దుకాణం వారు చెప్పిందే శాస్త్రమైపోతుంది.

ఇంకో వైపు నుంచీ చూడాలి. యానాం వారికి తెలిసిన సంగతే: సముద్రంలో ఇలస అనే చేప, గోదావరికి ఎదురీదాక పులస. ఆ రెండు పేర్లలోనే చేప ప్రయాణం ఉంది. సర్వే కాగితంలో రెండూ కలిసి హిల్సా అనే ఒక్క గడిలో పడతాయి. పోటు, పాటు, మొగ జరగడం, గాలి మళ్లడం గురించి మా పేటల పెద్దలు చెప్పేది తెలుగు నుంచి ఒడియాలోకి, ఒడియా నుంచి ఇంగ్లీషులోకి వెళ్లేసరికి సగం రాలిపోతుంది.

ఒడిశాలో ఉంటూ ఒడియా చాలదా అని అడగవచ్చు. మా పిల్లలు ఒడియా నేర్చుకుంటున్నారు, నేర్చుకోవాలి కూడా. కానీ పడవ ఎప్పుడు దించాలో చెప్పే తాత, చేపలమ్మి ఇల్లు నడిపే తల్లి ఆలోచించేది తెలుగులో. చేపలు దొరికే చోట్ల సమాచారాన్ని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ తెలుగు సహా పలు భాషల్లో ఇస్తున్నప్పుడు, తక్కిన సంస్థలకు ఇది అసాధ్యమేమీ కాదు.

మేం అడిగేవి మూడు. పరిశోధన ముగిసిన ఆరు నెలల్లో ఫలితాన్ని ఊరి భాషలో అచ్చువేసి, పేటలో సభ పెట్టి చదివి వినిపించాలని ఒప్పందంలోనే రాయాలి. సర్వే పనిలోకి తెలుగు తెలిసిన పేట యువకులను, యువతులను జీతమిచ్చి తీసుకోవాలి. ఊరి బడిని భాగస్వామిగా చేర్చాలి. ఉప్పదనం కొలిచే చిన్న పరికరం ఇస్తే వారం వారం మొగ దగ్గర నీరు కొలిచి రాసే పని మా ఏడో తరగతి పిల్లలు చేయగలరు. ఏ నెలలో ఏ చేప పడిందో తెలుగు పేరుతో రిజిస్టరు రాయగలరు. ఐదేళ్లు రాస్తే ఏ ప్రయోగశాలకైనా అది పనికొచ్చే లెక్కే.

గోపాల్‌పూర్‌కు దగ్గరలోనే ఉన్న బరంపురం విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. మొదటి అడుగు అక్కడ పడవచ్చు. యానాంలో, పులికాట్ ఒడ్డున ఉన్న తెలుగు బడులూ తమ దగ్గరి సంస్థలను ఇదే అడగాలి. తెలుగు చదివి ఏం లాభమని తల్లిదండ్రులు బడి మాన్పిస్తున్న కాలమిది. పిల్లవాడు రాసిన నీటి లెక్క చూసి తండ్రి చెరువులో నీరు మార్చిన రోజున ఆ ప్రశ్నకు మేం వేరే జవాబు చెప్పనక్కరలేదు.